తెల్ల జెండాల అవతల

సెప్టెంబర్ 8

ఆ రోజు తలుపు ఎవరు తీశారు?

నాలుగేళ్ళుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. పైకి ఎవరినీ అడగలేదు. అడగవలసినవాడు లేడు. చూసినది ఒక్క లెఫ్సా. అది కుక్క.

మా అన్న గోర్డీ ఇంటికి నేను వచ్చి వారం కూడా కాలేదు. దీన్ని నా ఇల్లు అని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. అన్న పోయాక ఇల్లు అద్దెకిచ్చి, వాడి కుక్కను మాడిసన్ నగరానికి తీసుకుపోయి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో దాన్ని ముసలిదాన్ని చేశాను. ఈ వేసవిలో అక్కడ నేను పాఠాలు చెప్పే కాలేజీవాళ్ళు మా చరిత్ర విభాగాన్ని మూసేశారు. అదే నెలలో ఇక్కడ అద్దెవాళ్ళూ ఖాళీ చేశారు. మాడిసన్‌లో ఉండటానికి కారణం వెతుక్కున్నాను, దొరకలేదు.

కారు దిగగానే లెఫ్సా గాలిని వాసన చూసింది. ఆవుల్ని తోలిన కుక్క కదా, పాకవైపు పోతుందనుకున్నాను. పాకవంక చూడనైనా లేదు. కంకర దారి వెంట తిన్నగా వెళ్ళి, రోడ్డు దాటి, అవతల పొరుగింటి వెర్లిన్ వాళ్ళ అడవిలో దూరింది. నేను వెతకనక్కర్లేకపోయింది.

ఓక్ చెట్టు కింద కూర్చుని ఉంది. గోర్డీ వేటకి ఎక్కి కూర్చునే మంచె పైన లేదు, వాడు పోయినప్పుడే వెర్లిన్ విప్పేశాడు. బెరడులో పట్టీలు ఒరుసుకున్న గుర్తు మాత్రం ఉంది. లెఫ్సా పైకీ చూడటం లేదు, కిందికీ చూడటం లేదు. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

సెప్టెంబర్ 9

మళ్ళీ వెళ్ళింది.

సెప్టెంబర్ 11

మళ్ళీ. ఈసారి ఇసుక లారీ అడ్డం వచ్చింది.

గోర్డీ ఉన్నప్పుడు ఈ రోడ్డు మీద పాల బండి, బడి బస్సు, అంతే. ఇప్పుడు కొండ తవ్వి ఇసుక తీస్తున్నారు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా లారీలు. బ్రేకు చప్పుడికి నేను ఉత్తరాల పెట్టె దాకా పరిగెత్తాను. లారీ రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది, లెఫ్సా అప్పటికే అవతల గట్టెక్కింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏమ్మా, కుక్కని కట్టేసుకోవా? నా బండికి బ్రేకులున్నాయి కాబట్టి సరిపోయింది. వెనకాల వచ్చేవాడి బండికి నేను పూచీ పడను."

చప్పుడు విని వెర్లిన్ వచ్చాడు. డెబ్భై దాటినా అదే నడక, పెరట్లో ఏదో మర్చిపోయి వెనక్కి పోతున్నట్టు. ఆ రోజు గోర్డీ పడి ఉన్న చోటు వెతికి కనుక్కున్నది ఆయనే. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇవాళా మాట్లాడుకోలేదు.

"గొలుసుతో కట్టెయ్యి," అన్నాడు.

"దాన్ని గొలుసుతో ఎప్పుడూ కట్టలేదండీ. గోర్డీ కట్టేవాడు కాదు."

"అయితే నేలలో తీగ పాతుదాం. మెడకి పెట్టె ఉంటుంది, గీత దగ్గరికి పోతే ముందు కూస్తుంది, వినకపోతే చురక పెడుతుంది. మా చెల్లెలి కుక్కకి పెట్టించారు. ఇప్పుడది పాస్టరు కన్నా బుద్ధిగా ఉంటోంది."

"పాస్టరుకీ పెట్టించారా?"

"ఆయనకి పెళ్ళాం ఉంది."

నవ్వాను. ఈ ఊరొచ్చాక మొదటిసారి.

సెప్టెంబర్ 17

తీగ పాతాం. పచ్చిక అంచులు కోసే యంత్రంతో వెర్లిన్ నేలను చీలుస్తూ వెళ్ళాడు, నేను వెనకాల మోకాళ్ళ మీద దేకుతూ తీగను పుల్లతో లోపలికి నొక్కాను. ఇంటి చుట్టూ, పాక చుట్టూ, రోడ్డుకు ఇవతల. కొసలు తెచ్చి ఇంటి గోడకి బిగించిన కరెంటు పెట్టెకి కలిపాం. ఆ తరవాత గీత పొడవునా చిన్న తెల్ల జెండాలు గుచ్చాం. కుక్కకి తీగ కనపడదు కదా, నేర్చుకునేదాకా జెండాలు చూసుకుంటుందట. నేర్చుకున్నాక జెండాలు పీకెయ్యాలట.

వెర్లిన్ భార్య ఆర్డిస్ కాఫీ ఫ్లాస్కూ, పళ్ళెం నిండా పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన బిళ్ళలూ పట్టుకొచ్చింది. జెండాల్ని చూసి, "ఎవరికి లొంగిపోతున్నావే?" అంది.

"లెఫ్సాకి."

"దానికెప్పుడో లొంగిపోయావుగా. చూడు ఎంత బలిసిందో." దాని చెవులు నిమిరింది. తెల్లటి ఒంటి మీద గోధుమ మచ్చలు, పెనం మీద కాలిన బంగాళదుంప రొట్టెలాగే ఉంటుంది. గోర్డీ పేరు పెట్టింది అందుకే. ఆర్డిస్ చేసే లెఫ్సా రొట్టెలంటే వాడికి ప్రాణం. కుక్కకి తన వంట పేరు పెట్టాడని ఆవిడ చాలా రోజులు వాడిని సాధించింది.

సాధించింది అని రాసి ఆగాను. వాడు నవ్వేవాడు. అంతా బాగానే ఉన్నట్టు నవ్వేవాడు.

సెప్టెంబర్ 20

శిక్షణ మొదలు. ఈ వారమంతా కూత మాత్రమే, షాక్ లేదు. తాడు పట్టుకుని జెండాల దాకా నడిపించాలి. మెడపట్టీ కూయగానే తిప్పి వెనక్కి పరిగెత్తించాలి. లోపలికి రాగానే చీజ్ ముక్క పెట్టి, సంతోషంగా ఉన్న గొంతుతో మెచ్చుకోవాలి. తీగతో పాటు వచ్చిన పుస్తకంలో అలాగే ఉంది: సంతోషంగా ఉన్న గొంతుతో.

పొద్దుటి క్లాసుల్లో నిద్రమొహాల ముందు వాడే గొంతు ఒకటుంది నాకు. దాన్ని తీశాను. లెఫ్సా నమ్మింది. పిల్లలు నమ్మేవారు కాదు.

ఇంకో రెండు నియమాలు గట్టి అక్షరాలతో వేశారు. కుక్కను నడిపించుకుంటూ గీత ఎప్పుడూ దాటించకూడదు. గీత అవతల నిలబడి కుక్కను పేరు పెట్టి ఎప్పుడూ పిలవకూడదు.

సెప్టెంబర్ 27

ఇవాళ మొదటి షాక్. ముందు నా అరచేతిలో పెట్టి చూసుకున్నాను. మోచేతి దాకా పాకింది. చెప్పుకోదగ్గ నొప్పి కాదు. చెయ్యి నాది కాదనిపించింది ఒక క్షణం, అంతే.

లెఫ్సా అరిచిన అరుపు రాయను.

అరిచి నావైపు తిరిగింది. నన్ను కాదు, జెండాని చూడాలి. పుస్తకం చెప్పేదదే: చురక పెట్టింది జెండా అనుకోవాలి గాని మీరనుకోకూడదు. నేను వెంటనే వెనక్కి పరిగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచాను. వచ్చి నా చంకలో మూతి దూర్చింది. చురక పెట్టిందాన్నీ నేనే, కాపాడిందాన్నీ నేనే. చరిత్ర చెప్పి బతికినదాన్ని, ఇలాంటివి చదివాను. చెయ్యడం ఇదే మొదలు.

లారీల కోసమే.

సెప్టెంబర్ 28

లారీల కోసమే.

అక్టోబర్ 2

ఇవన్నీ నాకు తెలిసినవే. రాసి చూస్తే ఎక్కడన్నా మెలిక దొరుకుతుందేమోనని రాస్తున్నాను.

జింకల వేట మొదలయ్యే శనివారం. గోర్డీ తెల్లవారకముందే బయల్దేరాడు. మంచె ఎక్కేవాళ్ళు ఒంటికి బిగించుకునే పటకా, బయటికి తలుపున్న బూట్ల గదిలో, మేకుకి వేలాడుతూనే ఉండిపోయింది. పడిపోకుండా ఆపేది అదే. ఏటా సెప్టెంబర్‌లో ఊరి పిల్లలకి వేట జాగ్రత్తలు నేర్పినవాడు గోర్డీ. పటకా లేకుండా వచ్చినవాడిని, వాడు పాస్టరు కొడుకైనా సరే, ఇంటికి పంపేసేవాడు.

తుపాకి చెట్టు కింద తాడుకి కట్టి ఉంది. అందులో తూటా లేదు. ఇక్కడ అందరూ చేసేదదే. ఖాళీ తుపాకిని తాడుకి కట్టి, మంచె ఎక్కి కూర్చున్నాక పైకి లాక్కుంటారు. దిగేటప్పుడు ముందు దాన్ని దించుతారు. కాబట్టి ఎక్కుతూ జారి ఉండొచ్చు. దిగబోతూ జారి ఉండొచ్చు. లేదా ఎక్కి, తుపాకి లాక్కోకుండా, ఊరికే కాసేపు కూర్చుని ఉండొచ్చు.

మధ్యాహ్నానికి వెర్లిన్ చూశాడు. లెఫ్సా వాడి పక్కన, వాడి పొడుగునా పడుకుని ఉంది.

అదీ నాకు అంతుపట్టనిది. జింకల వేటకి ఇక్కడ ఎవరూ కుక్కను తీసుకుపోరు. చట్టం ఒప్పుకోదు. వేట రోజుల్లో గోర్డీ దాన్ని బూట్ల గదిలో పెట్టి తలుపు వేసేవాడు, తప్పకుండా. మరి తలుపు ఎవరు తీశారు? లెఫ్సాయే తీసుకుని వచ్చిందంటే, అది మామూలు రోజు. సాయంత్రం ఇంటికి వచ్చి కుక్కకి అన్నం పెట్టాలనుకున్న మనిషి పటకా మర్చిపోయాడు, కాలు జారాడు. గోర్డీయే తీశాడంటే, తాను రాకపోతే తలుపు తీసేవాళ్ళు లేరని తెలిసి తీశాడు.

అది ఆవుల్ని అమ్మేసిన సంవత్సరం. ఏప్రిల్‌లో. ఆవులెక్కిన బండి వెనకాల లెఫ్సా రోడ్డు దాకా పరిగెత్తిందని గోర్డీ ఫోన్‌లో చెప్పాడు. "వెర్రిది, నేనే అమ్మానని దానికి తెలీదు" అన్నాడు. నేను పేపర్లు దిద్దుతూ విన్నాను.

పోలీసులు ప్రమాదం అన్నారు. పాస్టరు ప్రమాదం అన్నాడు. ఆర్డిస్ ఎవరూ అడగకముందే ప్రమాదం అంది.

మెలిక దొరకలేదు.

అక్టోబర్ 8

దొరికింది.

ఊళ్ళోంచి సరుకులు తెచ్చాను. సంచులు దింపుతుంటే కాళ్ళకి అడ్డం పడుతోందని లెఫ్సాని బూట్ల గదిలో పెట్టి తలుపేశాను. రెండో సంచి తీసేసరికి నా వెనకాల ఉంది. సరిగ్గా వెయ్యలేదనుకుని మళ్ళీ వేశాను. ఈసారి కిటికీ అద్దంలోంచి చూశాను. వెనక కాళ్ళ మీద లేచి, ముందు పంజాతో తలుపు పిడిని కిందికి నొక్కింది. తలుపు తెరుచుకుంది. ఎన్నాళ్ళుగానో చేస్తున్న పనిలా, పాలవాడు గేటు తీసుకున్నట్టు.

మళ్ళీ మళ్ళీ పెట్టాను. ప్రతిసారీ తీసింది. చివరికి విసిగిపోయి కూర్చుండిపోయింది.

నువ్వే తీశావు. నువ్వే తీశావు కదే. వాడు తలుపేసి వెళ్ళాడు. సాయంత్రం వద్దామనే వెళ్ళాడు.

చీజ్ అంతా పెట్టేశాను.

అక్టోబర్ 9

వెర్లిన్ వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. తలుపు గురించి నేను నోరు విప్పి మాట్లాడటం ఇదే మొదటిసారి. ఏకంగా జవాబుతో మొదలుపెట్టాను.

ఆర్డిస్ కప్పులో కాఫీ పోస్తూ పోస్తూ నిండాక కూడా ఆపలేదు. "ఎంత తెలివైన పిల్లే," అంది కుక్కని.

"అందరూ ఏమనుకుంటున్నారో నాకు తెలుసు ఆర్డిస్."

"ఎవరూ ఏమీ అనుకోలేదు."

"మీరనుకున్నారు."

గుడ్డతో బల్ల తుడిచింది. "నేను ప్రార్థన చేసుకున్నాను. అది అనుకోవడం కిందకి రాదు."

వెర్లిన్ రొట్టెకి వెన్న రాస్తున్నాడు, అంచుల దాకా, మూలల దాకా. రాయడం అయ్యాక రొట్టె తినకుండా లేచి, ట్రాక్టర్ చూసుకోవాలని బయటికి వెళ్ళాడు. వాడి సంగతి వస్తే ఆయనకి ఇంకా కష్టం. పాపం, చూసినవాడు.

అక్టోబర్ 15

నిద్రపట్టింది. ఆకులు ఊడ్చాను. ఊడుస్తూ ఈల వేశాను, గోర్డీ పాకలో వేసే ఈల. లెఫ్సా చెవులు నిక్కబొడుచుకుని పాకవైపు చూసింది. ఆపేశాను.

అక్టోబర్ 19

కూత వినగానే దానంతటదే తిరిగి వస్తోంది. తాడు తీసేశాను. జెండాలు ఒకటి విడిచి ఒకటి పీకాను. లారీలు పోతుంటే గీతకు ఇవతలే కూర్చుని చూస్తోంది.

మెడ మీద, పట్టీ మేకులు ఒత్తుకునే చోట, రెండు ఎర్రటి మచ్చలు. మందు రాశాను.

నవంబర్ 2

జెండాలన్నీ పీకేశాను. లెఫ్సా ఉత్తరాల పెట్టెకి బాగా ఇవతలే ఆగిపోతోంది. ఏమీ లేని చోట ఆగుతోంది. చెట్టు దగ్గరికి పోయి నెల దాటింది. నేర్చుకుందని రాయాలి. నేర్చుకుంది.

నవంబర్ 9

వేట మొదలయ్యే ముందు చర్చిలో వేటగాళ్ళ విందు పెడతారు. మాంసం కూర, బంగాళదుంపలు, మూడు రకాల జెల్లీ. తిన్నాక పోయినవాళ్ళ పేర్లు చదువుతారు, ఇంట్లోవాళ్ళు లేచి వాళ్ళ గురించి రెండు మాటలు చెప్పొచ్చు. గోర్డీ పేరు వచ్చినప్పుడు నేనెప్పుడూ లేవలేదు. అసలు రాలేదు.

ఈసారి లేస్తాను. కుక్క కథ చెబుతాను. నవ్వుతూనే చెబుతాను: మా అన్న తలుపేసి వెళ్ళాడు, దొంగది తీసుకుని వెనకాల పోయింది. అంతే. అర్థం చేసుకోవలసినవాళ్ళు చేసుకుంటారు. ఆర్డిస్‌కి ఫోన్ చేసి పేరు రాయించాను. "అలాగేనమ్మా," అంది.

ఆవిడ నన్ను అమ్మా అనదు.

నవంబర్ 16

వెర్లిన్ వచ్చాడు. జేబులో ఏదో బరువుగా ఉంది, కోటు ఒక పక్కకి జారింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని టోపీ తియ్యలేదు.

"మారిత్, ఆ తలుపు పిడి పెట్టింది నేనే పిల్లా."

"ఏ పిడి?"

"బూట్ల గదిది. నువ్వు ఇల్లు అద్దెకిమ్మన్నావు చూడు, అప్పుడు. ఆ వచ్చినావిడకి వేళ్ళు వంకర్లు, కీళ్ళ జబ్బు. పిడి తిప్పలేకపోతున్నానంది. కిందకి నొక్కేది తెచ్చి బిగించాను."

ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గుండ్రటి ఇత్తడి పిడి. మా నాన్న పెట్టించింది. దాన్ని ఎలా మర్చిపోయాను? చిన్నప్పుడు చలికాలం దాన్ని చేతి తొడుగు లేకుండా ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేది. నాకు ఆ చల్లదనం గుర్తుంది. తలుపు మీద అది లేదన్న సంగతి మాత్రం చూసుకోలేదు.

"అప్పుడు ఇదే ఉందా?"

"ఇదే."

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదండీ?"

"ఆర్డిస్ వద్దంది. 'పిల్ల మొహంలో ఇప్పటికి కళ వచ్చింది, నోరు మూసుకుని రొట్టె తిను' అంది." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మూసుకునే ఉందును. కానీ నువ్వు విందులో లేచి చెప్తానన్నావు. ఆ కొత్త పిడి నాకు అమ్మినవాడు అక్కడ ముందు బల్ల దగ్గరే కూర్చుంటాడు. వాడికి నోటికి తలుపే లేదు, పిడి సంగతి దేవుడెరుగు."

"మీరు అబద్ధం ఆడగలరు వెర్లిన్. పేకాటలో చూశాను."

"పేకాటలో చచ్చిపోయినవాళ్ళుండరు."

లెఫ్సా వచ్చి ఆయన బూటు మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. ఆయన దాని వంక చూడకుండా మాట్లాడాడు. "ఒకటి మాత్రం ఉంది. ఆ పాత తలుపు సరిగ్గా పడేది కాదు. చెమ్మ తగిలితే ఉబ్బేది. కాలితో తన్ని వెయ్యాలి. గోర్డీ ఎన్నిసార్లు తిట్టుకున్నాడో. ఊరికే లాగి వెళ్ళిపోయాడనుకో, కుక్క మూతితో తోస్తే వచ్చేస్తుంది."

"ఆ రోజు చెమ్మగా ఉందా?"

"వాన కలిసిన మంచు పడింది."

"లేదండీ. పొడి చలి. నేను మాడిసన్ నుంచి కార్లో వచ్చాను, దారంతా ఎండ."

"మాడిసన్‌లో ఎండేమో. ఇక్కడ తడి." గొంతు కాస్త పెంచాడు. "నేను వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను పిల్లా. ఇంటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసిపోయి ఉంది." అక్కడ ఆగాడు. చేత్తో మోకాలు తడుముకున్నాడు. "వానకనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎర్రగా ఉందో లేదో చూడలేదు."

కాఫీ పెట్టాను. ఇద్దరం తాగలేదు.

వెళ్తూ పిడిని జేబులో వేసుకోబోయాడు. ఉంచమన్నాను.

నవంబర్ 17

వెర్లిన్‌ని పిలిచి పాత పిడి బిగించమన్నాను. బిగించి వెళ్ళాడు. లెఫ్సాని లోపల పెట్టి తలుపేశాను.

లేచింది. పంజా ఇత్తడి మీద జారింది. మళ్ళీ లేచింది. జారింది. చాలాసేపు. ఆ చప్పుడు.

తలుపును సగం లాగి చూశాను, వేసీ వెయ్యనట్టు. మూతితో తోసుకుని వచ్చేసింది. గట్టిగా లాగితే రాలేదు. అంటే వాడు ఎంత గట్టిగా లాగాడన్నదే ఇప్పుడు ప్రశ్న. నాలుగేళ్ళ ప్రశ్నకి ఇంత చిన్న ప్రశ్న పుట్టింది.

ఆర్డిస్‌కి ఫోన్ చేసి నా పేరు తీసెయ్యమన్నాను. "రాయనేలేదు," అంది.

నవంబర్ 20

విందుకి వెళ్ళలేదు.

నవంబర్ 22

వేట మొదలు.

తెల్లవారుతుండగా మొదటి తుపాకి పేలింది, తరవాత అన్ని కొండల మీదా. లెఫ్సా పెరట్లో ఉంది. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. అది ఏమీ ఆలోచించలేదు. జెండాలు ఉండిన చోటికి పరుగున వచ్చింది. అరుపు వినిపించింది, కాని ఆగలేదు, అరుస్తూనే దాటేసింది. లారీలకి శనివారం సెలవు కాబట్టి బతికింది. వేటగాళ్ళు జింకని పొరబడకుండా నారింజరంగు కోటు వేసుకుని వెనకాల పరిగెత్తాను.

చెట్టు దగ్గర కూర్చోలేదు ఈసారి. పడుకుంది. ఒక పక్కకి, పొడుగ్గా, చెట్టుకీ తనకీ మధ్య కాస్త చోటు వదిలి.

ఆ చోటు ఎంతో నేను చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పక్కన కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నేల గడ్డకట్టి పొడిగా ఉంది. దానికి అర్థం ఏమీ లేదు, ఇది వేరే సంవత్సరం.

తీసుకొస్తుంటే రోడ్డు దాకా పక్కనే నడిచింది. ఇంటి ముందు, గీత దగ్గర, కూలబడింది. వెళ్ళేటప్పుడు ఏదో లాక్కుపోయింది, చురక తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు లాగేదేమీ లేదు, అదే చురక ఉంది. మెడపట్టీ తీసేశాను. పట్టీ తీసేశానని చేతిలో పెట్టి చూపించాను. ఐనా రాలేదు. ఇంటిని చూస్తూ వణికింది. తన గిన్నె కనపడుతోంది, తన మెట్లు కనపడుతున్నాయి.

ఎత్తుకుని దాటించాను. పెద్ద కుక్క, నా నడుం పట్టేసింది. దాటుతుంటే మొహం నా మెడలో దాచుకుంది.

నవంబర్ 23

నేను కాలేజీ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా గోర్డీ ఒకే మాట అనేవాడు: "ఇక్కడ అంతా అలాగే ఉంది." దాన్ని నేను మంచి మాటగానే తీసుకున్నాను.

నవంబర్ 26

ఆర్డిస్ లెఫ్సా రొట్టెలు పంపింది, వెన్నా చక్కెరా రాసి చుట్టి. రేపు కృతజ్ఞతల పండగ భోజనానికి రమ్మని చీటీ. అడుగున వెర్లిన్ రాత: "ఆ తడి సంగతి. నేను తప్పు చెప్పి ఉండొచ్చు."

ఏ తప్పు అన్నది రాయలేదు.

నవంబర్ 30

వేట ముగిసింది. ఆదివారం, లారీలు లేవు. రోడ్డు అటు కొండ దాకా, ఇటు చర్చి దాకా ఖాళీ.

గోడకి ఉన్న పెట్టె తీగ పీకేశాను. మెడపట్టీ తీసి జేబులో వేసుకున్నాను. పద, అన్నాను లెఫ్సాతో. ఇవాళ ఇద్దరం వెళ్దాం, దర్జాగా. కంకర దారి వెంట నా పక్కనే నడిచింది, తోక ఊపుతూ. ఉత్తరాల పెట్టెకి ఇవతల ఆగిపోయింది.

నేను దాటాను. రోడ్డు మధ్య దాకా వెళ్ళి తిరిగి చూశాను. ఏ జెండా లేని చోట, ఏ కరెంటూ లేని గీత వెనక కూర్చుని ఉంది. నన్ను చూసింది. నా వెనకాల అడవిని చూసింది. మళ్ళీ నన్ను. లేచి ఒక అడుగు వేసి, మళ్ళీ కూర్చుంది.

ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాలనుకునే ప్రాణి ఈ లోకంలో అదొక్కటే ఉండేది. దాన్ని మాన్పించాను. నేనే, చీజ్ పెట్టి, సంతోషంగా ఉన్న గొంతుతో.

పిలిస్తే వస్తుంది. అది నాకు తెలుసు. ఎంత భయమైనా, వణుకుతూ అయినా, నేను పేరు పెట్టి పిలిస్తే వస్తుంది. పుస్తకం చెయ్యొద్దన్నది కూడా అందుకే.

అక్కడ నిలబడే నాకు ఇంకొకటి తట్టింది, నాలుగేళ్ళలో ఎన్నడూ తట్టనిది. ఎప్పుడూ తలుపు దగ్గరే ఆగాను నేను. తలుపు తెరుచుకున్న తరవాత సంగతి ఆలోచించలేదు. గోర్డీ చీకట్లో రోడ్డు దాటి, ఇక్కడే ఎక్కడో, వెనక్కి తిరిగి ఉంటాడు. దాన్ని చూసి ఉంటాడు. ఇంటికి పొమ్మంటే పోయే కుక్క అది. పొమ్మన్నాడా, వినలేదా? రమ్మన్నాడా?

నేను ఇసుక లారీలు తిరిగే రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాను, నోటి నిండా దాని పేరుతో. పిలవలేదు. తిరిగి ఇంట్లోకీ రాలేదు చాలాసేపు. మేమిద్దరం అలా ఒకరినొకరం చూసుకుంటూ ఉండగా చర్చి నుంచి వస్తున్న వెర్లిన్ బండి నెమ్మదించి, ఆగకుండా, నన్ను తప్పించుకుని వెళ్ళిపోయింది.

తలుపు ఎవరు తీశారో నాకు తెలియదు. లెఫ్సా అని అనిపించే రోజులున్నాయి, వాడే అనిపించే రోజులున్నాయి, రెండూ ఒకే రోజున అనిపించిన రోజు ఇవాళ. తేల్చుకోలేకపోతున్నాను. రేపు లారీలు తిరుగుతాయి. పెట్టె తీగ మళ్ళీ గోడకి పెట్టాలా, ఆదివారాలైనా దాన్ని పేరు పెట్టి పిలవాలా, అదీ తేల్చుకోలేకపోతున్నాను.